డైనింగ్ టేబుల్ మీద నడిచిన కంపెనీ

వర్క్ ఫ్రమ్ హోమ్ అనే మాట మన ఇళ్లలోకి 2020 మార్చిలో వచ్చింది. అంతకుముందు ఐటీ ఉద్యోగాల వాళ్ల నోట అప్పుడప్పుడు వినబడేదే కానీ, హాలు ఒకరికి, బెడ్‌రూమ్ ఒకరికి, పిల్లల ఆన్‌లైన్ క్లాసుకి వంటింటి పక్క వరండా అని ఇల్లంతా పంచుకోవాల్సిన అవసరం మనకి రాలేదు. అందుకే ఇది కరోనా తెచ్చిపెట్టిన కొత్త పద్ధతి అనుకుంటాం. కాస్త చదువుకున్న వాళ్లయితే ఇంటర్నెట్ వల్ల వచ్చింది అంటారు. కానీ ఇంటర్నెట్ లేని రోజుల్లో, ఇంట్లో కంప్యూటర్ ఉండటం ఊహకి కూడా అందని రోజుల్లో, ఇంగ్లండులో కొన్ని వందల మంది ఆడవాళ్లు తమ ఇళ్లలో కూర్చుని కంప్యూటర్ ప్రోగ్రాములు రాశారు. వాళ్ల చేత ఆ పని చేయించిన ఆవిడ పేరు స్టెఫనీ షర్లీ. ఈసారి ఆవిడ గురించి రాయాలనిపించింది. చివర్లో మన గోదావరి జిల్లాకి కూడా వస్తాను. ఎందుకో అప్పుడు మీకే తెలుస్తుంది.

ఆవిడ పుట్టింది ఇంగ్లండులో కాదు, జర్మనీలోని డోర్ట్‌మండ్‌లో, 1933లో. పుట్టినప్పటి పేరు వేరా. తండ్రి యూదుడు, న్యాయమూర్తి. ఆ ఏడాదే హిట్లర్ గద్దెనెక్కాడు కాబట్టి ఆ ఇంటికి ఏమైందో మీరు ఊహించుకోవచ్చు. 1939లో, యుద్ధానికి కాస్త ముందు, యూదుల పిల్లల్ని రైళ్లలో బ్రిటన్ పంపించారు. దాదాపు పదివేల మంది పిల్లలు అలా వెళ్లారు. ఐదేళ్ల వేరాని, తొమ్మిదేళ్ల అక్కని తల్లిదండ్రులు అలాంటి రైలొకటి ఎక్కించారు. అక్కడ ముక్కూముఖం తెలియని దంపతులు వీళ్లని తీసుకెళ్లి పెంచారు. కన్నవాళ్లు తర్వాత ప్రాణాలతో బయటపడ్డారు గానీ, ఆ అనుబంధం మళ్లీ మునుపటిలా అతకలేదని ఆవిడే చెప్పుకున్నారు. ఐదేళ్ల పిల్ల చేతిని వదిలిన ఆ తల్లి గురించి నేను చాలాసేపు ఆలోచించాను.

చదువుకున్న ఆడపిల్లల బడిలో లెక్కలు సరిగ్గా చెప్పేవాళ్లు లేకపోతే, లెక్కల క్లాసు కోసం పక్కనే ఉన్న మగపిల్లల బడికి వెళ్లొచ్చేది. పద్దెనిమిదేళ్లకి లండన్‌లోని డాలిస్ హిల్‌లో పోస్టాఫీసు వారి పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. మామూలు చోటు కాదది. యుద్ధకాలంలో జర్మన్ల రహస్య సందేశాలను విప్పిన కలోసస్ అనే కంప్యూటర్ని తయారుచేసింది అక్కడి ఇంజనీర్లే. పగలు ఉద్యోగం, సాయంత్రాలు కాలేజీ. అలా గణితంలో డిగ్రీ తెచ్చుకుంది. 1959లో డెరెక్ షర్లీ అనే భౌతికశాస్త్రవేత్తని పెళ్లి చేసుకుంది.

తెలివి ఉంది, డిగ్రీ ఉంది, పని వచ్చు. అయినా ఒక మెట్టు దాటి పైకి వెళ్లనివ్వలేదు. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఆడదాని సంగతి మనం అనుకున్నంత గొప్పగా ఏమీ లేదు. భర్త అనుమతి లేకుండా బ్యాంకు ఖాతా తెరవలేని రోజులవి అని ఆవిడ చెప్పేవారు. పెళ్లయ్యాక ఉద్యోగం మానేయడం, మానకపోతే మొదటి కాన్పుకైనా మానేయడం, అక్కడా అంతే. కంప్యూటర్ రంగం అప్పుడే పుడుతోంది. దాంట్లో పనిచేసిన అమ్మాయిలు చాలామందే ఉన్నారు. పిల్లలు పుట్టగానే అంత నైపుణ్యమూ ఇంట్లో ఊరికే ఉండిపోయేది. షర్లీకి కనబడింది ఈ ఊరికే ఉన్న నైపుణ్యం.

1962లో ఆరు పౌండ్ల పెట్టుబడితో, చెషమ్ దగ్గర లే హిల్ అనే పల్లెలో, సొంత ఇంటి డైనింగ్ టేబుల్ మీద కంపెనీ పెట్టింది. పేరు ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్. సాఫ్ట్‌వేర్ అంటే అప్పట్లో మెషీన్‌తో పాటు ఉచితంగా ఇచ్చేదే తప్ప, దాన్ని విడిగా డబ్బు పెట్టి కొంటారని ఎవరూ అనుకోలేదు. అందులోనూ ఆడమనిషి దగ్గర! పని ఇవ్వమని కంపెనీలకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. జవాబు లేదు. అప్పుడు డెరెక్ ఒక సలహా ఇచ్చాడు, స్టెఫనీ అని కాకుండా స్టీవ్ అని సంతకం పెట్టి చూడు అని. పెట్టింది. జవాబులు రావడం మొదలైంది. స్టీవ్ షర్లీ గారిని కలుద్దామని ఎదురుచూసిన పెద్దమనుషులు, తలుపు తోసుకుని లోపలికొచ్చి చేయి చాపిన ఆడమనిషిని చూసి తేరుకునేలోపే పని మాట్లాడేసేది. చివరి దాకా ఆప్తులందరికీ ఆవిడ స్టీవే.

మరుసటి ఏడాది కొడుకు పుట్టాడు. ఇంట్లో చంటిపిల్లాడు, ఫోనులో క్లయింటు. దానికి ఆవిడ వేసిన ఎత్తు నాకు భలే నచ్చింది. టైప్‌రైటర్ చప్పుళ్లని టేప్ రికార్డర్‌లో పట్టి, ఫోను మోగగానే ఆ టేపు వేసేది. అవతలివాళ్లకి ఇదేదో గుమాస్తాలతో కిటకిటలాడే ఆఫీసు అనిపించాలని. మన ఇళ్లలో మీటింగు మొదలవగానే కుక్కర్ కింద మంట తగ్గించమని సైగలు చేస్తారు చూడండి, అదే బాధ. కాకపోతే ఇప్పుడు మ్యూట్ బటన్ ఉంది.

ఇక అసలు ప్రశ్న. ఇంట్లో కంప్యూటర్ లేకుండా ప్రోగ్రాము ఎలా రాస్తారు? నేనూ మొదట అదే అనుకున్నాను. అప్పటి కంప్యూటర్ అంటే ఒక పెద్ద గదంతా నిండే యంత్రం. దాని ముందు గడిపే ప్రతి నిమిషానికీ డబ్బు కట్టాలి. కాబట్టి ఆఫీసుకి వెళ్లే మగ ప్రోగ్రామర్ కూడా ఎక్కువ పని కాగితం మీదే చేసేవాడు. ఇలాంటి పని ఇంటికి తెచ్చుకుంటే పోయేదేముంది? షర్లీ దగ్గరి ఆడవాళ్లు పెన్సిలూ కాగితం తీసుకుని ముందు ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో బొమ్మ గీసుకునేవారు, ఫ్లోచార్టు అంటారు. దాన్నిబట్టి కాగితాల మీద కోడ్ రాసి పోస్టులో వేసేవారు. అవతల డేటా సెంటర్లో దాన్ని టేపు మీదో కార్డుల మీదో చిల్లులుగా కొట్టేవారు. తప్పు దొర్లిందేమోనని ఇంకోసారి కొట్టి సరిచూసేవారు. అన్నీ అయ్యాక గానీ కంప్యూటర్ దగ్గరికి చేరేది కాదు. అంటే ఈ మొత్తం వ్యవహారానికి టెక్నాలజీ అనదగ్గవి తపాలా పెట్టె, ఇంట్లో ఫోను. ఉద్యోగానికి వచ్చినవాళ్లని అడిగే ప్రశ్నల్లో ఒకటి, మీకు ఫోను సౌకర్యం ఉందా అని. అప్పట్లో అక్కడ కూడా ఇంటింటికీ ఫోను లేదు మరి.

సాధనాలు ఇంత తక్కువగా ఉన్నప్పుడు పని సాగేది పద్ధతి వల్లే. ఇక్కడే ఆవిడ గొప్పతనం ఉందని నాకనిపిస్తుంది. ఆ కంపెనీకి మొదట్లో దొరికిన పనుల్లో ఒకటి ప్రోగ్రాము రాయడం కాదు. ప్రోగ్రామింగ్ పనిని ఎలా అదుపులో పెట్టాలి, ఏ దశలో ఏది చూసుకోవాలి అన్న నియమాలు రాసిపెట్టడం. ఇంకొకరి కోసం రాసిన ఆ నియమాలనే వీళ్లూ పాటించారు. ఏళ్ల తరబడి వాటిని సరిదిద్దుతూ వచ్చారు. తర్వాత్తర్వాత నాటో కూటమి కూడా వాటిని తీసుకుంది. ఇంత జాగ్రత్త దేనికంటే, ఆవిడ పనికి గంటల లెక్కన కాక గుత్తగా ఒక ధర చెప్పేది. ఏ ఇల్లాలు ఏ పూట ఎన్ని గంటలు కూర్చుందో క్లయింటుకి అనవసరం. ఫలానా తేదీకి ఫలానా పని ఫలానా డబ్బుకి. అంచనా తప్పితే నష్టం కంపెనీదే. కాబట్టి పనిని ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకీ మొదలూ చివరా తేల్చి కాగితం మీద పెట్టక తప్పదు. అలా పెట్టాక, ఆ ముక్క తీసుకున్న మనిషి పిల్లాడిని పడుకోబెట్టాక రాసిందా, తెల్లవారుజామున లేచి రాసిందా అని ఎవరూ తొంగిచూడాల్సిన పని లేదు.

తాము పాటించింది సిబ్బందిని నమ్మడం అనే తేలికైన పద్ధతేనని ఆవిడ అనేవారు. వినడానికి తేలికే. మా చెల్లెలి కూతురు రెండేళ్ల క్రితం ఇంటి నుంచి చేసిన ఒక ఉద్యోగంలో, కొన్ని నిమిషాలకోసారి ఆమె స్క్రీన్ ఫొటో తీసే సాఫ్ట్‌వేర్ పెట్టారు. మౌస్ కాసేపు కదలకపోతే పని చేయనట్టు లెక్క. పప్పు పోపు పెట్టడానికి లేచి, మధ్యలో గరిటె వదిలేసి వచ్చి మౌస్ కదిపి వెళ్లేది పిచ్చిది. పోనీ రేపటికి ఏం పూర్తవ్వాలో స్పష్టంగా చెప్పేవాళ్లా అంటే అదీ లేదు. ఇంట్లో ఫైబర్ నెట్, రెండు స్క్రీన్లు, వీడియో కాల్ అన్నీ ఉన్నాయి. 1962లో పెన్సిలుతో రాసిన ఆడవాళ్లకి ఉన్న తెరిపి దీనికి లేదు.

ఆ పెన్సిలు రాతల్లో ఒకటి ఏమిటో తెలుసా? శబ్దం కంటే వేగంగా ఎగిరే కాంకార్డ్ విమానం బ్లాక్ బాక్సు సమాచారాన్ని విశ్లేషించే ప్రోగ్రాము. దాని మీద పనిచేసిన ఆన్ మొఫాట్ గారి ఫొటో ఒకటి ఇప్పటికీ కనబడుతుంది. 1966 నాటిది. ఇంట్లో బల్ల ముందు ఆవిడ కోడ్ రాసుకుంటున్నారు, పక్కన పాపాయి. ఆవిడే తర్వాత ఆ కంపెనీలో టెక్నికల్ డైరెక్టర్ అయ్యారు. సరుకు రవాణా రైళ్ల రాకపోకల పట్టికల్లాంటి పనులు కూడా ఈ ఇళ్లలోంచే వెళ్లాయి.

ఇలా ఆలోచించింది షర్లీ ఒక్కరే కాదు. అమెరికాలో ఎల్సీ షట్ అనే ఆవిడ అంతకు నాలుగైదేళ్ల ముందే, గర్భవతి అయినందుకు ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చి, తనలాంటి తల్లులతో ఇంటి నుంచి ప్రోగ్రాములు రాయించే చిన్న కంపెనీ పెట్టింది. ఇంటి నుంచి పనికి టెలికమ్యూటింగ్ అని పేరు పెట్టి పుస్తకం రాసిన జాక్ నిల్స్ గారు ఆ మాట అన్నది 1973లో. అప్పటికి షర్లీ గారి ఆడవాళ్లు పదకొండేళ్లుగా ఆ పనే చేస్తున్నారు. మగాయన పేరు పెట్టేదాకా దానికి పేరు లేకపోయింది, అంతే.

ఈ కథలో నాకు నవ్వొచ్చిన చోటు ఇంకొకటి ఉంది. మొదటి మూడు వందల మంది సిబ్బందిలో మగవాళ్లు ముగ్గురే. 1975లో బ్రిటన్‌లో ఆడామగా వివక్ష కూడదని చట్టం వచ్చింది. ఆడవాళ్ల మేలు కోసం వచ్చిన ఆ చట్టం ప్రకారం ఆడవాళ్లకే ఉద్యోగాలు ఇస్తామనడం నేరమైంది. కాబట్టి మగవాళ్లనీ తీసుకోక తప్పలేదు.

నవ్వు రాని సంగతి కూడా చెప్పాలి. ఆవిడ కొడుకు గైల్స్‌కి తీవ్రమైన ఆటిజం. కొద్దిగా వచ్చిన మాటలు కూడా పోయాయి, మళ్లీ రాలేదు. పిల్లలున్న ఆడవాళ్లకి వెసులుబాటు కల్పించిన మనిషి ఇంట్లో పరిస్థితి అది. మనలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని పెంచుతున్న తల్లులకి నేను వివరించక్కర్లేదు. అతను 1998లో, ముప్పై ఐదేళ్లకి పోయాడు. ఆవిడ సంపాదనలో పెద్ద భాగం ఆటిజం పిల్లల బడికీ, వసతికీ, పరిశోధనకీ వెళ్లింది.

సంపాదన అన్నాను కదా. కంపెనీ పెద్దదై, 1996లో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైంది. అంతకుముందే ఆవిడ తన వాటాలో నుంచి కంపెనీలో నాలుగో వంతు దాకా సిబ్బందికి ఉచితంగా ఇచ్చేసింది. దాంతో ఆ సిబ్బందిలో డెబ్భై మంది మిలియనీర్లు అయ్యారు. సిబ్బంది ఎనిమిదిన్నర వేలు దాటింది. పేర్లు మారి మారి చివరికి జాన్సా అయ్యింది. నోయిడాలో పెద్ద ఆఫీసు పెట్టింది. 2007లో ఫ్రాన్సు కంపెనీ స్టెరియా దాన్ని కొనుక్కుంది. షర్లీ గారు 2025 ఆగస్టులో, తొంభై ఒకటో ఏట కన్నుమూశారు.

ఇంగ్లండు కాబట్టి సాగింది అనేవాళ్లు ఉంటారు. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే, 1959 మార్చి 15న, బొంబాయి గిర్గావ్‌లో ఏడుగురు ఆడవాళ్లు ఎనభై రూపాయలు అప్పు తెచ్చి మేడ మీద అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. అదే లిజ్జత్. అక్కడ పిండి కలిపేది కేంద్రంలో, ఒత్తేది ఎవరింట్లో వాళ్లు. పొద్దున్నే పిండి తీసుకెళ్లి, ఒత్తి ఆరబెట్టిన అప్పడాలు తిరిగి తెచ్చి తూకం వేయించి డబ్బు తీసుకుంటారు. పిండి ఒకేచోట కలపడం వల్ల ఏ ఇంట్లో ఒత్తినా రుచి మారదు. ఒత్తిన ప్రతి మనిషీ అందులో భాగస్వామే. షర్లీ కోడ్ గురించి చదువుతుంటే నాకు ఈ పిండే గుర్తొచ్చింది.

ఇప్పుడు మన జిల్లాకి వస్తాను. నరసాపురం లేసు మీకు తెలుసు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక, నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటి పని అయ్యింది. ఆ టేబుల్ క్లాత్‌లు యూరప్‌కీ అమెరికాకీ వెళ్లాయి. 1978, 79ల్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త వచ్చి ఆ ఆడవాళ్లతో మాట్లాడి ఒక పుస్తకం రాసింది. 1982లో వచ్చింది. లేసు అల్లేవాళ్ల గురించి మనకి తెలిసిన చాలా సంగతులు దాంట్లోవే.

అదీ ఇంటి నుంచి పనే. దూరదేశంలో కొనేవాళ్లు, ఇంట్లో చేసే నైపుణ్యం, మధ్యలో సరుకు మోసే ఏజెంటు. కానీ నూలు తెచ్చేది ఏజెంటే, ధర చెప్పేదీ ఏజెంటే. పువ్వులు అల్లేది ఒక ఇంట్లో, వాటిని కలిపే అతుకు పని ఇంకో ఇంట్లో. తాను అల్లిన పువ్వు ఏ టేబుల్ క్లాత్‌లో కలిసిందో, అది ఎంతకి అమ్ముడుపోయిందో పువ్వు అల్లిన ఆవిడకి తెలిసే దారి లేదు. షర్లీ కూడా పనిని ముక్కలు చేసింది. అక్కడ మొత్తం బొమ్మ ముందుగా గీసి అందరి ముందూ పెట్టారు. ఇక్కడ మొత్తం బొమ్మ వ్యాపారి దగ్గరే ఉండిపోయింది. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా, వచ్చేది కనీస వేతనంలో ఏ మూలకీ రాదని మీస్ లెక్క తేల్చింది. ఎగుమతిదారులు దీనికి చెప్పిన సమాధానం ఒకటే: వాళ్లు గృహిణులు, తీరిక సమయంలో అల్లుకుంటున్నారు. ప్రభుత్వ లెక్కల్లోనూ వాళ్లు పనివాళ్ల కింద రాలేదు. ఆడది గడప దాటితే పరువు తక్కువ అనుకునే కుటుంబాలకి కూడా ఆ మాటే బాగుంది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం.

మా అత్తగారిది పాలకొల్లు దగ్గర పల్లె. పెళ్లికి ముందు ఏళ్ల తరబడి లేసు అల్లారు. ఈ వ్యాసం కోసం ఆవిడని కూర్చోబెట్టి అడిగాను, రోజుకి ఎన్ని గంటలు అల్లేవారత్తయ్యా అని.

"గంటలు ఎవరు చూశారమ్మా. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద కూర్చుంటే దీపాలు పెట్టేదాకా. మళ్లీ రాత్రి కాసేపు. పెళ్లిళ్ల రోజుల్లో ఏజెంటు తొందరపెడితే పొద్దున్నే కూడా."

"అంటే ఆరేడు గంటలు."

ఆవిడ వేళ్ల మీద లెక్క చూసుకున్నారు. అంతే ఉంటుందని ఒప్పుకున్నారు. తర్వాత చూపుడు వేలి పక్కన సూది ఆనిన చోట ఇప్పటికీ కాస్త గట్టిగా ఉన్న చర్మం చూపించారు.

"కానీ అది పనేమిటమ్మా" అన్నారు. "ఖాళీగా ఉన్నప్పుడు అల్లుకునేవాళ్లం."